సర్కిల్ టైమ్, క్యాలెండర్ కృత్యాలు

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలుండే పూర్వ ప్రాథమిక తరగతుల్లో టీచరూ పిల్లలూ గుండ్రంగా కూర్చుని పలకరించుకునే, పాడుకునే, కథలు వినే, కబుర్లు చెప్పుకునే సమయాన్ని సర్కిల్ టైమ్ అంటారు. ఆ రోజు వారం, తేదీ, నెల, వాతావరణం గుర్తించే క్యాలెండర్ కృత్యం చాలా బడుల్లో ఇందులో భాగం. గుండ్రంగా కూర్చోబెట్టే పద్ధతికి దాదాపు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. క్యాలెండర్ దానికి తర్వాత వచ్చి చేరింది. కలిసి కూర్చోవడం వల్ల మేలుందన్న విషయంలో విద్యావేత్తల మధ్య పెద్ద పేచీ లేదు. వారాలూ తేదీలూ రోజూ వల్లె వేయించడాన్ని మాత్రం పరిశోధకులు గట్టిగానే ప్రశ్నించారు. పిల్లలు తమ చేతులతో ఏదైనా చేస్తున్నప్పుడు, తమకు నిజంగా జరిగిన, జరగబోయే సంగతుల గురించి మాట్లాడుతున్నప్పుడే ఈ రెండూ వారిని ఆకట్టుకుంటాయి. ఈ రంగంలోని అనుభవం, పరిశోధన రెండూ చెప్పేది ఇదే.

చరిత్ర

జర్మన్ విద్యావేత్త ఫ్రెడరిక్ ఫ్రోబెల్ (1782–1852) 1837లో తురింగియా ప్రాంతంలోని బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల కోసం ఒక సంస్థను ప్రారంభించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగే ఆటలకు, అభినయ గేయాలకు ఆయన పద్ధతిలో ముఖ్యస్థానం ఉంది. వలయంలో ముందు వరుస, వెనక వరుస అనేవి ఉండవు. ప్రతి ఒక్కరికీ మిగతా అందరి ముఖాలూ కనిపిస్తాయి. తానూ ఒక సమూహంలో భాగమని పిల్లలకు మాటలతో చెప్పనక్కర లేకుండానే తెలుస్తుందని ఫ్రోబెల్ భావించాడు. తల్లులు పసిపిల్లలతో పాడుతూ ఆడించే పాటల, వేళ్ల ఆటల పుస్తకాన్ని 1844లో ప్రచురించాడు.

ప్రష్యా ప్రభుత్వం 1851లో కిండర్‌గార్టెన్లను నిషేధించింది. ఆ నిషేధం 1860 దాకా కొనసాగింది. ఈలోగా జర్మనీ నుంచి వలస వెళ్లినవారు ఈ పద్ధతిని అమెరికాకు తీసుకువెళ్లారు. 1856లో మార్గరెత్ షుర్జ్ విస్కాన్సిన్‌లోని వాటర్‌టౌన్‌లో జర్మన్ మాట్లాడే పిల్లల కోసం, 1860లో ఎలిజబెత్ పీబడీ బోస్టన్‌లో ఇంగ్లిష్ మాట్లాడే పిల్లల కోసం కిండర్‌గార్టెన్లు తెరిచారు. 1873లో సూజన్ బ్లో కృషితో సెయింట్ లూయిస్ నగరంలో ప్రభుత్వ బడుల వ్యవస్థలోకి కిండర్‌గార్టెన్ వచ్చింది. లూయీవిల్‌కు చెందిన అక్కచెల్లెళ్లు మిల్‌డ్రెడ్ హిల్, ప్యాటీ హిల్ 1893లో వెలువరించిన కిండర్‌గార్టెన్ పాటల సంపుటిలో పొద్దున్నే పిల్లలను పలకరించే పాట ఒకటుంది. ప్రపంచమంతా పాడుకునే ‘హ్యాపీ బర్త్‌డే’ పాట బాణీ ఆ పలకరింపు పాటదే.

మారియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో ప్రారంభించిన పిల్లల గృహంలో ఎవరి పని వారు చేసుకోవడమే ప్రధానం. అయితే నేల మీద గీసిన కోడిగుడ్డు ఆకారపు గీత వెంట నడవడం, అందరూ కలిసి చడీచప్పుడు లేకుండా కూర్చునే నిశ్శబ్దపు ఆట వంటి సామూహిక కృత్యాలు ఆమె పద్ధతిలోనూ ఉన్నాయి. 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో బ్రిటన్‌లో జెన్నీ మోస్లీ సర్కిల్ టైమ్‌ను భావోద్వేగాలు, స్నేహాలు, తగవుల పరిష్కారం గురించి మాట్లాడుకునే వేదికగా ప్రచారం చేసింది. చేతిలో ఒక వస్తువు ఉన్నవారే మాట్లాడాలి, మిగతావారు వినాలి అన్న నియమం ఈ పద్ధతి ద్వారా అనేక బడులకు చేరింది. అమెరికాలో ‘రెస్పాన్సివ్ క్లాస్‌రూమ్’ సంస్థ ఉదయపు సమావేశాన్ని పలకరింపు, పంచుకోవడం, సామూహిక కృత్యం, ఉదయపు సందేశం అనే నాలుగు భాగాలుగా రూపొందించింది.

సర్కిల్ టైమ్‌లో ఏముంటుంది

బడిని బట్టి క్రమం మారినా కొన్ని అంశాలు దాదాపు అన్నిచోట్లా కనిపిస్తాయి.

పిలుపు: గంట, చప్పట్ల లయ, రోజూ పాడే ఒకే పాట వంటి గుర్తు వినగానే పిల్లలు వచ్చి కూర్చుంటారు. అందరూ చేరేదాకా మొదట వచ్చినవారిని ఖాళీగా కూర్చోబెడితే అల్లరి అక్కడే మొదలవుతుంది. అనుభవమున్న టీచర్లు ఇద్దరు ముగ్గురు చేరగానే వేళ్ల ఆటో, అభినయ గేయమో అందుకుంటారు.

పలకరింపు, హాజరు: టీచర్ పేర్లు పిలవడం, పిల్లలు పలకడం పాత పద్ధతి. దీనికి బదులు ప్రతి పిల్లవాడూ తన ఫొటో లేదా పేరున్న కార్డును ‘ఇల్లు’ గడిలోంచి తీసి ‘బడి’ గడిలో పెట్టవచ్చు. చివరికి ఇల్లు గడిలో మిగిలిన కార్డులే ఆ రోజు రానివారు. వారెవరో పిల్లలే చెబుతారు, ఎందరో లెక్కపెడతారు. తన పేరు గుర్తుపట్టడం, ఒకటికొకటి సరిపోల్చడం, తక్కువ ఎక్కువలు చూడడం ఇందులోనే సాగిపోతాయి. మూడు రోజుల జ్వరం తర్వాత వచ్చిన పిల్లను మిగతావారు ఎలా ఉందని అడగడం కూడా ఈ కృత్యంలో భాగమే.

పాట, ఆట: మూడేళ్ల పిల్లల శరీరం ఎక్కువసేపు కదలకుండా ఉండలేదు. అందువల్ల కూర్చుని చేసే ప్రతి పనికీ ముందో వెనకో లేచి చేసే పని ఒకటి ఉండాలి. తెలుగునాట ఇందుకు సామగ్రి కొదవ లేదు. పిల్లలు కాళ్లు చాపి కూర్చుంటే ఒక్కో కాలూ తాకుతూ ఒక్కొక్కటే ముడిపించే కాళ్లాగజ్జ ఆట, పిడికిళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చే గుడుగుడు గుంచం, ఇద్దరిద్దరు అరచేతులు తట్టుకునే చెమ్మచెక్క వీటిలో కొన్ని. లయ, వంతు, లెక్క మూడూ వీటిలో ఉన్నాయి.

కబుర్లు: ఇంటి నుంచి తెచ్చిన ఒక వస్తువును చూపించి దాని గురించి చెప్పడం, నిన్నటి సంగతి చెప్పడం, టీచర్ అడిగిన ప్రశ్నకు జవాబివ్వడం వంటివి. పాతికమంది ఉన్న తరగతిలో అందరూ ఒకే రోజు మాట్లాడితే చివరివారి వంతు వచ్చేసరికి ఎవరూ వినరు. రోజుకు ముగ్గురికో నలుగురికో అవకాశమిచ్చి, మిగతావారు పక్కనున్నవారితో జంటగా మాట్లాడుకునేలా చేయడం మేలు. ‘బాగుందా?’ వంటి ప్రశ్నకు పిల్లలంతా ఒక్క గొంతుతో ఔనంటారు. ‘బురదలో పడ్డ చెప్పును ఎలా తీశావు?’ అని అడిగితే ఒక కథే వస్తుంది.

కథ: పుస్తకం చూపిస్తూ చదవడం, బొమ్మలతో చెప్పడం, పిల్లల చేత అభినయింపజేయడం. ఒకే కథను వారం రోజులు వేర్వేరు రీతుల్లో చెబితే చిన్నపిల్లలకు విసుగు పుట్టదు. ముందేం జరుగుతుందో తెలిసి ఉండడం వారికి ఇష్టం.

రోజు ప్రణాళిక: తర్వాత ఏ మూలలో ఏ పని ఉందో చెప్పి, ఎవరెక్కడికి వెళ్తారో ఎంచుకోనిచ్చి, గుంపుగా తోసుకోకుండా కొద్దికొద్దిమందిని పంపడం. ‘ఎర్ర చొక్కా వేసుకున్నవాళ్లు చేతులు కడుక్కోండి’ వంటి ఆటలతో ఇది సులువవుతుంది.

వ్యవధి, కూర్చునే తీరు

మూడేళ్ల పిల్లలకు ఐదు నుంచి పది నిమిషాలు, నాలుగైదేళ్ల వారికి పదిహేను, మహా అయితే ఇరవై నిమిషాలు అన్నది టీచర్లు సాధారణంగా పాటించే హద్దు. పిల్లలు దొర్లడం, పక్కవారిని గిల్లడం, కిటికీలోంచి చూడడం మొదలుపెడితే క్రమశిక్షణ లోపమనుకునే ముందు సమయం మించిందా, పని వారి స్థాయికి తగ్గదేనా అని చూసుకోవాలి. పెద్ద తరగతిలో ఆయా సాయంతో రెండు చిన్న వలయాలు చేస్తే ప్రతి ఒక్కరికీ మాట్లాడే వీలు పెరుగుతుంది. చాప మీద రంగు గుర్తులు, ముగ్గుతో గీసిన గుండ్రని గీత ఎవరి చోటేదో చెబుతాయి. అందరూ బాసింపట్టు వేసుకునే కూర్చోవాలన్న పట్టుదల వల్ల ప్రయోజనం లేదు.

క్యాలెండర్ కృత్యం

అమెరికన్ కిండర్‌గార్టెన్లలో 20వ శతాబ్దంలో స్థిరపడిన రూపమిది. గోడ మీద పెద్ద నెల పట్టిక ఉంటుంది. ఆ రోజు నాయకుడిగా ఎంపికైన పిల్లవాడు అంకె కార్డును గడిలో అతికిస్తాడు. అందరూ వారాల పేర్లు, నెలల పేర్లు పాడతారు. ‘నిన్న ఏ వారం? ఇవాళ ఏ వారం? రేపు ఏ వారం?’ అన్న ప్రశ్నలకు జవాబు చెబుతారు. వాతావరణ పట్టికలో సూర్యుడి బొమ్మో మబ్బు బొమ్మో పెడతారు. అంకె కార్డులను పువ్వు, ఆకు, పువ్వు, ఆకు అన్నట్టు మార్చి పెట్టి తర్వాతి బొమ్మను ఊహించమనడం, బడికి వచ్చిన రోజుకొక పుల్ల చొప్పున చేర్చి పది కాగానే కట్ట కట్టడం వంటి లెక్కల పనులు దీనికి తోడయ్యాయి. పుల్లల లెక్క వందకు చేరిన రోజును వందో రోజు పండుగగా జరపడం అమెరికా బడుల్లో ఆనవాయితీ. ఇంగ్లిష్ మాధ్యమ నర్సరీల ద్వారా ఇదే నమూనా భారతీయ నగరాలకూ వచ్చింది.

చిన్నపిల్లలూ కాలమూ

పిల్లల్లో కాలభావన గురించి జాఁ పియాజే 1946లో ఒక గ్రంథం ప్రచురించాడు. కాలాన్ని, దూరాన్ని, వేగాన్ని చిన్నపిల్లలు ఒకదానితో ఒకటి కలగలిపేస్తారని ఆయన గమనించాడు. తర్వాత అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త విలియం ఫ్రీడ్‌మన్ జరిపిన అధ్యయనాలు ఈ విషయాన్ని మరింత వివరంగా పరిశీలించాయి. నాలుగైదేళ్ల పిల్లలు నిద్ర లేవడం, అన్నం తినడం, పడుకోవడం వంటి రోజువారీ పనులను వరుసలో పెట్టగలుగుతారు. వారాలను, నెలలను ఒక క్రమంగా మనసులో పట్టుకోవడం ప్రాథమిక పాఠశాల వయసులో గానీ రాదు.

నిన్న, రేపు వంటి మాటల విషయం ఇంకా ఆసక్తికరం. క్యాథరిన్ టిల్‌మన్, డేవిడ్ బార్నర్ తదితరులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల చేత కాలాన్ని సూచించే గీత మీద సంఘటనలను గుర్తింపజేశారు. ఒక మాట గతానికి చెందిందా భవిష్యత్తుకు చెందిందా అన్నది పిల్లలకు ముందుగా తెలుస్తుంది. ఎంత గతం, ఎంత భవిష్యత్తు అన్నది చాలా ఆలస్యంగా, ఏడేళ్ల ప్రాంతంలో పెద్దల స్థాయికి వస్తుంది. మూడేళ్ల పిల్ల పోయిన నెల పెళ్లిని ‘నిన్న’ అనడానికి కారణమిదే. దాన్ని తప్పుగా దిద్దడం కన్నా ‘ఔను, మామయ్య పెళ్లి అయిపోయింది, అప్పుడు బాగా వానొచ్చింది’ అని సంభాషణలోనే సందర్భాన్ని అందించడం మంచిది.

వారాల పేర్లు పాటగా పాడగలగడం వేరు, వాటిని వాడగలగడం వేరు. సోమవారం నుంచి ఆదివారం దాకా గడగడా చెప్పే పిల్లవాడిని ‘గురువారం తర్వాత ఏమిటి?’ అని అడిగితే మళ్లీ సోమవారం నుంచి మొదలుపెట్టి గానీ చెప్పలేడు. పట్టిక రూపం కూడా కష్టమే. శనివారం గడి తర్వాత కన్ను మళ్లీ ఎడమవైపు కింది వరుసకు వెళ్లాలన్న నియమం చదవడం రాని పిల్లలకు సహజంగా తోచదు.

విమర్శ

శాలీ బెనెకె, మైకలీన్ ఆస్ట్రోస్కీ, లిలియన్ కాట్జ్ 2008లో ‘యంగ్ చిల్డ్రన్’ పత్రికలో రాసిన వ్యాసం క్యాలెండర్ కృత్యంపై వచ్చిన విమర్శల్లో బాగా ప్రసిద్ధమైనది. మంచి ఉద్దేశంతో మొదలైన పని దారి తప్పిందన్నది వారి వాదన. తేదీలకు సంబంధించిన భావనలు ఆ వయసు పిల్లలకు అందవు. లెక్కలు నేర్పడానికి అంతకన్నా మంచి మార్గాలున్నాయి. పైగా అర్థం కాని ప్రశ్నకు రోజూ ఊహించి జవాబు చెప్పాల్సి వచ్చే పిల్లలకు తమకేమీ రాదన్న భావన అలవాటయ్యే ప్రమాదముంది. ఒక్క పిల్లవాడు అంకె అతికిస్తుంటే మిగతా ఇరవైమంది ఎదురుచూస్తూ కూర్చోవడం మరో లోపం. క్యాలెండర్ స్థానంలో వారు సూచించినవి బొమ్మల దినచర్య పటం, తరగతి డైరీ, రోజులను వరుసగా చూపే గీత, పిల్లల ప్రశ్నల నుంచి పుట్టే ప్రాజెక్టు పని.

క్యాలెండర్‌ను సమర్థించేవారూ ఉన్నారు. ఉదయం ఒకే క్రమం పిల్లలకు భద్రత ఇస్తుందని, అంకెలతో రోజూ పరిచయం అవుతుందని వారంటారు. ఆచరణలో చాలామంది టీచర్లు మధ్యేమార్గం పట్టారు. క్యాలెండర్‌ను రెండు మూడు నిమిషాలకు కుదించి, పిల్లలకు ముఖ్యమైన సంఘటనలను గుర్తించడానికి మాత్రమే వాడుతున్నారు.

ఆకట్టుకునే రూపాలు

దినచర్య పటం: ఆట, పాట, భోజనం, నిద్ర, ఇంటికి వెళ్లడం వంటి పనుల బొమ్మలను వరుసగా తగిలించి, ఒక్కో పని కాగానే క్లిప్పును జరుపుతారు. ‘అమ్మ ఎప్పుడొస్తుంది?’ అని ఏడ్చే పిల్లకు ‘నాలుగింటికి’ అన్న జవాబు పనికిరాదు. ‘ఇంకో రెండు బొమ్మలు అయ్యాక’ అన్నది అర్థమవుతుంది.

రోజుల గీత: నెలను గడుల్లో కాకుండా గోడ పొడవునా ఒకే పట్టీగా పరుస్తారు. అయిపోయిన రోజులు ఒకవైపు, రాబోయేవి మరోవైపు ఉంటాయి. ప్రతిరోజూ ఇంటికి వెళ్లే ముందు ఆ రోజు గుర్తుండదగ్గ సంగతి ఒకటి పిల్లలు ఎంచుకుంటే ఆ బొమ్మ గీసి దాని కింద తగిలిస్తారు. నెలాఖరుకు అది పిల్లలు చదవగలిగే డైరీ అవుతుంది. ‘పిల్లి లోపలికొచ్చిన రోజు’ ఎంత వెనక ఉందో వేలుపెట్టి చూపగలుగుతారు.

కాగితపు గొలుసు: పండుగకో పుట్టినరోజుకో ఎన్ని రాత్రులు పడుకోవాలో అన్ని కాగితపు కడియాలు చేర్చి, రోజుకొకటి తుంచుతారు. గొలుసు పొట్టిదవడం కళ్ల ముందే కనిపిస్తుంది. చిన్నపిల్లలకు ఏడెనిమిది కడియాలు మించకుండా ఉంటే మంచిది.

విత్తనాల పరిశీలన: తడిగుడ్డలో పెసలు మూటగట్టి ఉంచితే ఒకటి రెండు రోజుల్లో మొలకలు వస్తాయి. వేసిన రోజు, మొలక వచ్చిన రోజు, ఆకు విచ్చిన రోజు బొమ్మలు గీసి వరుసలో పెడితే ముందు, తర్వాత, ఇంకా అన్న మాటలకు అర్థం దొరుకుతుంది.

వాతావరణం: జవాబు కోసం గోడ పట్టిక వైపు చూపించకుండా బయటికి పంపి చూసి రమ్మనాలి. బజార్లో దొరికే ముద్రిత చార్టుల్లో మంచు మనిషి, ఆకులు రాలే శరదృతువు ఉంటాయి. కర్నూలులోనో ఖమ్మంలోనో పిల్లలకు కావలసినవి ఎండ, మబ్బు, వాన, ఈదురుగాలి, చలికాలపు పొగమంచు. బడులు తెరిచే జూన్‌లో తొలకరితోపాటు పట్టిక మొదలుపెట్టి, ఎండ రోజుకో పసుపు ముక్క, వాన రోజుకో నీలం ముక్క అతికిస్తే నెల తిరిగేసరికి ఏది ఎక్కువో చూడగానే తెలుస్తుంది.

రోజు ప్రశ్న: ‘జామకాయ ఇష్టమా, అరటిపండు ఇష్టమా?’ వంటి ప్రశ్నకు పిల్లలు వస్తూనే తమ పేరు కార్డును ఒక వైపు పెడతారు. సర్కిల్‌లో కూర్చున్నాక ఎటు ఎక్కువో, ఎంత ఎక్కువో లెక్కిస్తారు. ఎవరూ ఎదురుచూడనక్కర లేదు, అందరి జవాబూ లెక్కలోకి వస్తుంది.

భారతదేశంలో

గిజుభాయి బధేకా 1920లో గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో బాలమందిర్ స్థాపించి, కథ, ఆట, పాటలను చిన్నపిల్లల చదువుకు కేంద్రంగా నిలిపాడు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీకి, తర్వాత కొస్బాద్‌కు వెళ్లి, అనుతాయి వాఘ్‌తో కలిసి గ్రామీణ, గిరిజన పిల్లల కోసం బాలవాడీలు నడిపింది. పిల్లలు బడికి రాకపోతే బడే వారి వాకిట్లోకి వెళ్లాలన్న ఆలోచన నుంచి అంగన్‌వాడీ భావన రూపుదిద్దుకుంది. మాంటిస్సోరి 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి శిక్షణ ఇవ్వడంతో ఆమె పద్ధతి దక్షిణాదిన వ్యాపించింది. 1975 అక్టోబర్ 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం పోషకాహారంతోపాటు పూర్వ ప్రాథమిక విద్యను అంగన్‌వాడీల బాధ్యతగా చేసింది. జాతీయ విద్యావిధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించింది. 2022 అక్టోబర్‌లో విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం ఆట ద్వారా నేర్చుకోవడానికి పెద్దపీట వేసింది. అందులోని నమూనా దినచర్యల్లో సర్కిల్ టైమ్‌కూ సంభాషణకూ చోటుంది. ఆట సామగ్రి, బొమ్మలు, కథల కార్డులతో కూడిన ‘జాదూయీ పిటారా’ 2023లో విడుదలైంది.

తెలుగు రాష్ట్రాల్లో

అంగన్‌వాడీ కేంద్రంలో మూడేళ్లవారూ ఐదేళ్లవారూ ఒకే గదిలో ఉంటారు. అందువల్ల ఒకే కృత్యంలో వయసును బట్టి పని పంచాల్సి ఉంటుంది. చిన్నవారు కార్డు పెడితే పెద్దవారు లెక్కిస్తారు. ఏజెన్సీ ప్రాంతాల్లో గోండి, కోయ, సవర, తండాల్లో లంబాడీ మాట్లాడే పిల్లలుంటారు. పలకరింపు, కనీసం ఒక పాట వారి ఇంటి భాషలో ఉంటే మాట్లాడని పిల్లలూ నోరు విప్పుతారు.

తెలుగు పిల్లల జీవితంలో వారాలకు గుర్తులు ముందే ఉన్నాయి. ఊళ్లో వారపు సంత జరిగే రోజు, నాన్న ఇంట్లో ఉండే ఆదివారం, అమ్మమ్మ గుడికి వెళ్లే శనివారం అలాంటివి. క్యాలెండర్ కృత్యం వీటి నుంచి మొదలైతే వారం పేరుకు పని దొరుకుతుంది. పండుగల్లో ఇంకా స్పష్టమైన ఉదాహరణలున్నాయి. తెలంగాణలో బతుకమ్మ తొమ్మిది రోజులు సాగుతుంది. ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు అంటూ చాలా రోజులకు ఆ రోజు నైవేద్యమే పేరుగా ఉంటుంది. అలిగిన బతుకమ్మ రోజు నైవేద్యం ఉండదు. సద్దుల బతుకమ్మతో పండుగ ముగుస్తుంది. బతుకమ్మ చుట్టూ గుండ్రంగా తిరుగుతూ చప్పట్లతో పాడడం పిల్లలకు తెలిసిన వలయమే. బడికి సెలవులిచ్చేలోపు ఈ తొమ్మిది పేర్లతో రోజుల గీత తయారు చేయవచ్చు. సంక్రాంతికి భోగి, పండుగ, కనుమ అన్న మూడు రోజుల వరుస ఉంది. భోగిమంట, ముగ్గు, పశువుల పూజ బొమ్మలను పిల్లల చేత క్రమంలో పెట్టించవచ్చు. రంజాన్, క్రిస్మస్ జరుపుకునే ఇళ్ల పిల్లల రోజులకూ అదే గీత మీద చోటుండాలి. తిథులు, నక్షత్రాలు, జనవరి నుంచి డిసెంబర్ దాకా నెలల పేర్లు వినికిడిలో ఉంటే చాలు. వాటిని అప్పజెప్పించాల్సిన వయసు ఇది కాదు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలు

ఆటిజం ఉన్న పిల్లలకు తర్వాత ఏం జరుగుతుందో బొమ్మల్లో కనిపించడం చాలా ఉపయోగపడుతుంది. అమెరికాలోని నార్త్ కరోలినాలో ఎరిక్ ష్కోప్లర్ ఆధ్వర్యంలో 1972లో రాష్ట్రవ్యాప్త కార్యక్రమంగా మారిన టీచ్ పద్ధతిలో దృశ్య దినచర్య పటం ప్రధాన సాధనం. వినికిడి లోపమున్న పిల్లలకు అందరి ముఖాలూ కనిపించే వలయం అనుకూలం. వారు టీచర్‌కు ఎదురుగా కూర్చోవాలి. గుంపు శబ్దం భరించలేని పిల్లవాడు కొద్ది దూరంలో కూర్చుని చూసినా పాల్గొన్నట్టే. చేతిలో నలుపుకోవడానికి మెత్తని బొమ్మ ఇవ్వడం, పాటకు తాళం వేసే పని అప్పగించడం కూడా సాయపడతాయి.

పరిశీలన, మూల్యాంకనం

సర్కిల్ టైమ్ నాణ్యతను తెలుసుకోవడానికి పరీక్ష అక్కర్లేదు. ఎవరెంతసేపు మాట్లాడారో చూస్తే చాలు. మొత్తం సమయంలో టీచర్ గొంతే వినిపిస్తే అది పాఠంగా మారినట్టు. ఒక వారంలో ఒక్కసారైనా నోరు విప్పని పిల్లలెవరో నోట్‌బుక్‌లో గుర్తు పెట్టుకుంటే తర్వాతి వారం చిన్న గుంపులో వారికి వంతు ఇవ్వవచ్చు. కాలభావనను కూడా ‘ఇవాళ తేదీ ఎంత?’ అన్న ప్రశ్నతో కొలవలేం. జరిగిన సంగతిని ముందు, తర్వాత అన్న మాటలతో వరుసగా చెప్పగలగడం, రేపటి పనికి ఇవాళ ఏదైనా సిద్ధం చేసుకోవడం, నానబెట్టిన పెసలు ఎప్పటికి మొలకెత్తుతాయో అంచనా వేయడం ఆ వయసుకు తగిన గుర్తులు. ఇవి కనిపిస్తున్న తరగతిలో పిల్లలకు కాలం అర్థమవుతున్నట్టే. వారాల పేర్లు, తేదీలు ఒకటో రెండో తరగతికి వచ్చేసరికి ఆ పునాది మీద సులువుగా వచ్చి చేరతాయి.